రెండో అంతస్తు, ఎడమవైపు ఇల్లు

ఆదివారం పొద్దున్నే కళ్లద్దాల షాపాయన, భార్య, బావమరిది కలిసి ఇల్లు చూడ్డానికి బయలుదేరారు. కొని అద్దెకిచ్చుకుంటే ముసలితనంలో ఎవరి ముందూ చేయి చాచనక్కర్లేదని భార్యాభర్తల ఆశ. నచ్చితే ఆ రోజే బయానా ఇచ్చేయాలనుకున్నారు. బావమరిదిని బంధువులంతా 'సుత్తి' అంటారు. నోరు తెరిస్తే మూయడని ఆ పేరు. ఆ రోజు మాత్రం అతని చేతిలో నిజం సుత్తే ఉంది.

"కొట్టి చూస్తే గోడలు తమ గుట్టంతా తామే చెప్పేస్తాయి బావా. నువ్వు ఊరికే చూస్తూ ఉండు," అన్నాడు.

బ్రోకరు ఫోనులో రెండో అంతస్తు, ఎడమవైపు ఇల్లని చెప్పాడు. మెట్ల దగ్గరే పేచీ వచ్చింది.

"కింద ఇళ్లున్నాయిగా. అదే ఒకటో అంతస్తు," అన్నాడు షాపాయన.

"అది నేల బావా! నేలని ఎవరైనా అంతస్తంటారా?" అంటూ సుత్తి వాళ్లను ఇంకో అంతస్తు ఎక్కించాడు.

తడిగుడ్డ చేత్తో పట్టుకుని ఇల్లాలు తలుపు తీసింది. "ఇప్పుడా రావడం? వంటింటి గోడంతా చెమ్మ. రండి, చూడండి!"

ఇంటి లోపం తనే చెప్పే ఓనరును చూసి షాపాయన మురిసిపోయాడు. "ఎంత నిజాయితీయో చూశావా!" అని భార్య చెవిలో ఊదాడు.

సుత్తి గోడకు చెవి ఆనించి టకటకా కొట్టాడు. "లోపల డొల్ల అక్కా."

"అయితే పగలగొట్టండి," అంది ఇల్లాలు.

షాపాయన గతుక్కుమన్నాడు. "అయ్యో, అంత వద్దండీ..."

"వద్దంటే ఎలా? చూసి పోడానికా వచ్చింది?"

సుత్తి మాటకు పుట్టి బుద్ధెరిగాక ఇంత విలువ దక్కలేదు. ఊపిరి బిగబట్టి ఒక్కటిచ్చాడు. పెచ్చు ఊడింది. రెండో దెబ్బకు పైపు పగిలి నీళ్లు అతని మొహాన్నే కొట్టాయి.

సరిగ్గా అప్పుడే ఇల్లాలి ఫోను మోగింది. "ఏంటీ, ఇవాళ రాలేవా? మరి ఈ ప్లంబర్లు నీవాళ్లు కారా?" ఫోను చెవికి ఆనించుకునే ముగ్గురి వైపూ తిరిగింది. "మీరెవరు?"

"ఇల్లు కొనడానికొచ్చామండీ," అన్నాడు షాపాయన తడిసి ముద్దయిన చొక్కాతో.

"ఎవరిల్లు?"

ఇంతలో కింద ఏదో ధబ్బుమంది. వెనకే కేక. ఇల్లాలు పరుగున వెళ్లి నీళ్లు కట్టేసింది. నలుగురూ జారుతూ, పడుతూ మెట్లు దిగారు.

కింది ఇంటి వంటగది గుమ్మంలో బ్రోకరు, ఇల్లు అమ్మే పెద్దాయన కొయ్యబారి నిలబడ్డారు. పైకప్పు పెచ్చులు ఊడి నేల మీద కుప్పగా పడి ఉన్నాయి. పైన బయటపడ్డ ఇనప చువ్వలు తుప్పుపట్టి, గోకితే రాలేలా ఉన్నాయి. అంత తుప్పు ఆ పూట నీళ్లకు పట్టేది కాదు.

"రంగేస్తే ఎవరికీ తెలీదన్నావు కదయ్యా!" అని పెద్దాయన బ్రోకరు మీదికి లేచాడు. నోరు జారానని ఆయనకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

షాపాయన ఆసరాకి గోడ పట్టుకున్నాడు, వెంటనే భయపడి వదిలేశాడు.

"మా తమ్ముణ్ణి ఊరికే ఆడిపోసుకుంటారు," అంది భార్య. తమ్ముడు మాత్రం సుత్తిని మెల్లగా వెనక్కి దాచుకున్నాడు.

ఇల్లాలు ఆ చువ్వల వంకే గుడ్లప్పగించి చూస్తోంది. "అంటే ఇన్నాళ్లూ నేను దీని మీద నిలబడా వంట చేసింది?" అంది. తర్వాత బ్రోకరును పక్కకు పిలిచి గొంతు తగ్గించింది. "ఏవండీ, మా ఇల్లు కూడా అమ్మిపెడతారా?"

"దానికేముందమ్మా," అన్నాడు బ్రోకరు, "ముందు రంగు వేయిద్దాం."