మా రొయ్యలు సూపరుగా ఉన్నాయండీ!

రొయ్యలు పెరగకపోవడం మన అదృష్టం! అవునండీ, చెరువు గట్టు మీద కూర్చుని, పూర్తి స్పృహలో ఉండే ఈ మాట రాస్తున్నాను.

ఈహెచ్‌పీ అని ఒక పరాన్నజీవి ఉంది. కంటికి కనపడదు. రొయ్య లివరులో మకాం వేసి, మనం వేసిన మేత సారమంతా తానే లాగేస్తుంది. రొయ్య చావదు, ఎదగదు. నాలుగో నెలలోనూ నెలన్నర పిల్లలాగే ఉంటుంది. నిత్యయవ్వనం! దీనికోసమే కదా మనుషులు బ్యూటీ పార్లర్ల చుట్టూ తిరుగుతున్నారు?

పెద్ద రొయ్యలున్న రోజుల్లో పెళ్ళి భోజనాల దగ్గర ఎన్ని అలకలు! నాకు రెండే పడ్డాయి, బావగారికి మూడు పడ్డాయి అని. ఇప్పుడు గరిటెలో ఎన్నొచ్చాయో లెక్కపెట్టగల మొనగాడెవడు? మొన్న కొత్తపేట విందులో ఒక్క వియ్యంకుడు కూడా అలగలేదు! పైగా తల తీసి, పొట్టు ఒలిచి, నరం లాగేసరికి మిగిలేదేమీ ఉండదు కాబట్టి వండే శ్రమ కూడా లేదు.

ఇక వైద్యం సంగతి. మేతలో వెల్లుల్లి కలపమని ఒకరు, బెల్లం కలపమని ఒకరు, పెరుగు మంచిదని మరొకరు చెప్పారు. అన్నీ కలిపాను. పరాన్నజీవి బాగా ఒళ్ళు చేసిందనుకుంటాను.

అన్నిటికన్నా గొప్ప మేలు, ఊళ్ళో మర్యాద పెరిగింది. మా రాజోలు దిగువన ఈ చెరువులన్నిటికీ ఒకటే కాలువ. నీళ్ళు తోడుకునేది అందులోంచే, వదిలేది అందులోకే! అందుకని ఎదుటివాడి చెరువుకు జబ్బుందా అని అడగడం మహాపరాధం. ఎవరైనా నోరు జారి అడిగినా జవాబు ఒక్కటే: "సూపరుగా ఉందండీ, ఆయ్!"

పక్క చెరువు సాలమోను గారిది. రిటైర్డ్ హెడ్మాస్టరు, పెద్దమనిషి. ఆయన కళ్ళముందే జబ్బు నీళ్ళు వదిలి మనసు కష్టపెట్టడం నాకిష్టం లేదు. అందుకే ఆదివారం ఆయన కుటుంబంతో ఆరాధనకు వెళ్ళాక నా తూము పలక ఎత్తి నీళ్ళు కాలువలోకి వదులుతాను. సోమవారం నేను ద్రాక్షారామం భీమేశ్వరుడి దర్శనానికి వెళ్తాను. అప్పుడు ఆయన ఎత్తుతారు. నా నీళ్ళు ఆయన ఆదివారం సాయంత్రం తోడుకుంటారు, ఆయనవి నేను మంగళవారం. ఇద్దరికీ తెలుసు, ఇద్దరమూ ఎరగం. ఒకరి భక్తిని ఒకరు ఇంతగా గౌరవించుకునే ఊరు ఇంకెక్కడైనా ఉందా?

వదిలేముందు బ్లీచింగు కలిపి నాలుగు రోజులు నీళ్ళు ఆపమని అమలాపురం ల్యాబులో చెప్పారు. బాగానే ఉంది! ఆపితే నా చెరువుకు జబ్బుందని ఊరంతా తెలిసిపోదూ?

మా కాలువ సముద్రపు పాయలో కలిసేచోట కనకమ్మ నడుం లోతు నీళ్ళలో దిగి, చేత్తో తడిమి రొయ్యలు పట్టుకుంటుంది. ఆవిడకు చెరువు లేదు, తూము లేదు, ఆ పాయ ఒక్కటే ఆధారం. నిన్న గట్టు మీదికొచ్చి బుట్ట వంచి చూపించింది. అడుగున గుప్పెడు రొయ్యలు, అన్నీ వేలిగోరంత.

"రావుగారండీ, పాయలో రొయ్య కూడా ఎదగడం మానేసిందండీ. మీ చెరువులో జబ్బేవన్నా వచ్చిందాండీ? ఉన్నమాట చెప్పండి బాబూ, నేను బతికేది దీని మీదేనండీ."

"సూపరుగా ఉంది కనకమ్మా! ఎవరన్నారు నీతో?"

"ఆయ్, సాలమోను గారూ అదే అన్నారండీ," అంది బుట్ట సర్దుకుంటూ. "మీ ఇద్దరివీ బాగుంటే, జబ్బు నా బుట్టకే వచ్చుంటుందండీ."

నిజం చెప్పొద్దూ, సిగ్గేసింది. మధ్యాహ్నం అన్నం సయించలేదు.

ఇవాళ ఆదివారం. చర్చి గంట మోగింది. సాలమోను గారి కారు ఇప్పుడే మలుపు తిరిగింది. ఇక ఉంటానండీ, తూము దగ్గర పనుంది.