ఇంటి చప్పుళ్ల బదిలీ

గంటవరం పట్టణంలో అద్దె ఇల్లు ఖాళీ చేసేవాళ్లు సామానుతో పాటు, ఆ ఇంట్లో అన్నేళ్లూ చేసిన చప్పుళ్లను కూడా తీసుకుపోవాలి. నిబంధన పాతదే. వెనకటికి జనం సామాను ఒక్కటే పట్టుకుపోయేవారు. కొత్తగా దిగినవాళ్లు పాతవాళ్ల తాతగారి దగ్గుతోనూ, పిల్లల ఎక్కాలతోనూ, ఎప్పటివో తగవులతోనూ కాపురం చెయ్యాల్సి వచ్చేది. కొత్త దంపతులెవరో ఆర్నెల్లపాటు ఎవరి అత్తగారిదో సణుగుడు విని, అది తమ గురించే అనుకుని విడిపోయారు కూడా. ఆ తర్వాతే చప్పుళ్ల బదిలీ విభాగం పెట్టారు.

గుత్తుల వీరభద్రం హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. పెంకుటింట్లో ఇరవై రెండేళ్లు అద్దెకుండి, ఇప్పుడు అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తులో సొంత ఫ్లాటులోకి మారుతున్నాడు. మైదానంలో మూడు వందల మందికి వినబడేలా చెప్పడం అలవాటైన గొంతు కావడంతో, భోజనాల దగ్గర ఉప్పు అందుకోమన్నా వీధి చివర కొట్టుదాకా వెళ్లేది. మనసు మాత్రం వెన్న. భార్య మంగతాయారు, డిగ్రీ చదివే కూతురు ప్రసన్న, అంతే సంసారం. మంగతాయారు కూడా రోజంతా మాట్లాడుతూనే ఉండేది. కాకపోతే మెల్లగా మాట్లాడేది, అదీ ఎప్పుడూ ఇంకేదో మోగుతున్నప్పుడు.

ఫ్లాట్లకు కరెంటు మీటరు ఉన్నట్టే చప్పుళ్ల పెట్టె కూడా ఒకటి ఉంటుంది. పాత చప్పుళ్లను ఏ పద్ధతిలో ఎక్కించి తెస్తారో, ఆ ఇంట్లో ఇకమీదట పుట్టే చప్పుళ్లు కూడా ఆ పద్ధతిలోనే నడుస్తాయి. మధ్యలో మార్చరు. ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం గనుక విభాగం వాళ్లు గుమస్తాను ఇంటికే పంపుతారు. ఆదివారం పొద్దున్నే చింతా దొరబాబు అనే గుమస్తా నమూనాల సంచీతో వచ్చి కాఫీ తాగాడు.

ముందుగా క్యాసెట్టు తీశాడు. వినడానికి కమ్మగా ఉంటుంది, అన్నీ పడతాయి. అయితే ఇరవై రెండేళ్లకు రెండు బీరువాల క్యాసెట్లు అవుతాయి. ఒక వైపు అయిపోగానే ఎవరో ఒకరు లేచి తిప్పి పెట్టాలి. తిప్పేదాకా ఇల్లు మూగగా ఉంటుంది. టేపు బయటికొస్తే పెన్సిలు పెట్టి చుట్టుకోవాలి, వానాకాలం బూజు పడుతుంది. రెండోది సీడీ. అద్దంలా స్పష్టంగా ఉంటుంది గానీ ఇంట్లో ఎవరైనా గట్టిగా నడిస్తే మాటలు ఎగిరిపోతాయి. మంచినీళ్లకని లేచిన వీరభద్రం నడక చూసి దొరబాబు సీడీని తనే సంచీలో పెట్టేశాడు.

మిగిలినవి రెండూ చిప్పులు. గోరంత ఉంటాయి. నిండు చిప్పులో ఏదీ పోదు కానీ రోజుకు రెండుసార్లు ఛార్జింగు పెట్టాలి. తేలిక చిప్పుకు ఏడాదికోసారి పెడితే చాలు.

"ఈ తేలికదాంట్లో ఏం పోతుందండీ?" అని అడిగాడు వీరభద్రం. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. కొత్త యంత్రమంటే ఆయనకు ఎక్కడలేని సరదా.

"ఏం పోదండీ. పెద్ద చప్పుడు వస్తున్నప్పుడు దాని కింద ఉన్న చిన్న చప్పుడు ఎలాగూ చెవిన పడదు కదండీ. పడనిదాన్ని మోసుకు తిరగడం దేనికని తీసేస్తారు. తీసింది వినబడందే గనక తీసినట్టు తెలియదు."

"బియ్యంలో రాళ్లేరినట్టన్నమాట."

"అంతేనండీ."

ఇంత తెలివైన పని ఎవరు కనిపెట్టారా అని వీరభద్రం ఆ చిప్పును వెలుతురులో పెట్టి చూశాడు. ప్రసన్న మాత్రం నిండు చిప్పు వదల్లేదు.

"అన్నీ ఉన్నది ఉండగా కోసేసింది దేనికి నాన్నా?"

"మరి రోజుకి రెండుసార్లు ఛార్జింగు ఎవరు పెడతారే? నువ్వా? నీ ఫోనుకే దిక్కులేదు. నేనా? ఆరింటికల్లా గ్రౌండులో ఉండాలి," అని వీరభద్రం అందుకున్నాడు. ఆయన ఆ మాటలంటూ ఉండగానే మంగతాయారు వంటగది గుమ్మంలో నిలబడి, "నేను పెడతాను కదండీ," అంది. రెండుసార్లు అంది.

ఇక వినికిడి పరీక్ష. దొరబాబు ఇంట్లో ఇప్పుడే జరిగిన రెండు నిమిషాలను రెండు చిప్పుల్లోకీ ఎక్కించి, ఏది ఏదో చెప్పకుండా ఒక్కొక్కరికీ వినిపించాడు. తేడా పట్టుకున్నవాళ్లు ఏం తగ్గిందో కూడా చెప్పాలి. ఊరికే తేడాగా ఉందంటే రాయడానికి ఫారంలో గడి లేదు.

వీరభద్రం కళ్లు మూసుకుని విన్నాడు. "రెండూ ఒకటేనండీ. నా గొంతు రెంట్లోనూ బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు.

ప్రసన్న మూడుసార్లు వింది. "రెండోదాంట్లో ఏదో పోయిందండీ. వెలితిగా ఉంది."

"ఏంటో చెప్పాలమ్మా."

ఆ పిల్ల చాలాసేపు ఆలోచించింది. ఇల్లంతా ఒకసారి కలయజూసింది. "ఫ్యానాండీ?" అంది.

దొరబాబు 'ఫ్యాను' అని రాసుకుని, ఫ్యాను చప్పుడు లేకపోవడం అభ్యంతరం కిందికి రాదని పక్కన ముద్ర వేశాడు.

మంగతాయారు ఒక్కసారే వింది. "రెండోదాంట్లో నేను లేనండీ," అంది. ఆ క్షణాన ఇంట్లో ఎవరూ మాట్లాడడం లేదు గనుక ఆ మాట అందరికీ వినబడింది.

"నువ్వెప్పుడు మాట్లాడావు?" అన్నాడు వీరభద్రం. కోపంతో కాదు, నిజంగానే ఆశ్చర్యపోయి.

దొరబాబు రూల్సు పుస్తకం తీశాడు. "అమ్మగారు చెప్పింది అక్షరాలా నిజమండీ. కానీ పదకొండో రూలు ప్రకారం, పోయిన చప్పుడు ఎవరిదో వాళ్ల సాక్ష్యం చెల్లదు. తన చప్పుడు పోతే ఎవరికైనా తెలుస్తుందండీ. మిగతావాళ్లకి తెలియాలి, అదీ పరీక్ష."

"పోనీ నేనే గట్టిగా మాట్లాడితేనో?" అని అడిగింది మంగతాయారు. ఆమెకు లోపల భయం పట్టుకుంది. ఇరవై రెండేళ్లు చెప్పినవి పోతే పోయాయి, ఇకమీద చెప్పబోయేవి కూడా పోతాయే అని.

"మాట్లాడొచ్చండీ. అప్పుడు ఆయన ఇంకా గట్టిగా మాట్లాడతారు. మొన్న ఒకరింట్లో అలాగే పోటీ పడితే పైన పెంకులు లేచిపోయాయి."

వీరభద్రానికి మనసు చివుక్కుమంది. "అదేంటండీ, మా ఆవిడ మాట పోతే ఎలా?" అన్నాడు.

"ఎక్కడికీ పోదండీ. మీరు, టీవీ, మిక్సీ ఆగినచోట శుభ్రంగా వినబడుతుంది. మీరు కాస్త ఆగితే చాలు."

ఆగుదామనే వీరభద్రం గట్టిగా అనుకున్నాడు. ఆ సంగతే చెప్పి భార్యకు ధైర్యం ఇస్తూ ఇరవై నిమిషాలు మాట్లాడాడు. తర్వాత తేలిక చిప్పుకు సంతకం పెట్టాడు.

బదిలీ ఒక్క పూటలో అయిపోయింది. ఇంటి యజమాని వచ్చి గోడలకు చెవి ఆనించి, ఏమీ లేవని నిర్ధారించుకుని తాళాలు తీసుకున్నాడు. కొత్త ఫ్లాటుకు వచ్చిన చుట్టాలందరూ ఇల్లెంత ప్రశాంతంగా ఉందో అని మెచ్చుకున్నారు. ప్రసన్నకు ఆ వెలితి కొన్నాళ్లు తీరలేదు. కూతురి బాధ చూడలేక వీరభద్రం కిర్రుకిర్రుమనే ఫ్యాను ఒకటి వెతికి తెచ్చి హాల్లో బిగించాడు. దాంతో తీరిందో లేదో ఆ పిల్ల చెప్పలేకపోయింది.

మంగతాయారు మాటలు పొద్దున పదిన్నర నుంచి సాయంత్రం నాలుగు దాకా వచ్చేవి. పొద్దుటి డ్రిల్లు ముగించి టిఫినుకొచ్చిన తండ్రి మళ్లీ బడికీ, కూతురు కాలేజీకీ బయల్దేరగానే ఆమె టీవీ కట్టేసి, కిర్రుమనే ఫ్యాను కూడా ఆపేసి, గొంతు సవరించుకునేది. చుట్టుపక్కల ఫ్లాట్లలో ఉన్నవీ తేలిక చిప్పులే. ఆ ఇళ్ల ఆడవాళ్లూ ఆ వేళకే వచ్చి కూర్చునేవారు. ఇరవై రెండేళ్లలో కింద పడిపోయిన మాటలన్నీ ఆమె మొదటినుంచీ చెప్పుకుంటూ వచ్చింది. నవంబరు నాటికి మూడో ఏడు దాకా వచ్చింది.

ఆ నెలలోనే ఒక రోజు బడికి ఒంటిపూట సెలవిచ్చారు. వీరభద్రం రెండున్నరకల్లా మెట్లెక్కి, బెల్లు నొక్కబోతూ ఆగిపోయాడు. లోపల ఎవరో ఆవిడ గలగలా మాట్లాడుతోంది. తలుపు మీద అంకె చూశాడు. 304. కింద తన పేరే ఉంది. అయినా పరాయి ఇంటి ముందు నిలబడ్డట్టు అనిపించి, చప్పుడు కాకుండా కిందికి దిగాడు.

"తొందరపడి వచ్చేశారండి," అన్నాడు వాచ్‌మన్ సూరిబాబు. "నాలుగు దాటితే మీ ఇల్లు మీకు తెలుస్తాదండి. కూర్చోండి."

మెట్ల పక్కన వరసగా ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. పెందరాళే వచ్చేసిన మగవాళ్లు నలుగురు అప్పటికే కూర్చుని ఉన్నారు. రెండో అంతస్తు బ్యాంకు ఉద్యోగి కాళ్లు ముడుచుకుని ఆయనకు చోటిచ్చాడు. పైనుంచి ఆ గొంతు స్పష్టంగా వినబడుతోంది. పెళ్లయిన కొత్తలో మొగుడు సినిమాకు తీసుకెళ్తూ, అడుగు కలవడం లేదని నడివీధిలో లెఫ్ట్ రైట్ చెప్పిన వైనం వర్ణిస్తోంది. నలుగురూ నవ్వారు. వీరభద్రం అందరికంటే ఎక్కువ నవ్వాడు.

"ఎవరోగానీ ఎంత బాగా చెబుతోందండీ," అన్నాడు.

"మూడో అంతస్తులోంచే వస్తోంది. మీ ఇంట్లోనే కాబోలు," అన్నాడు బ్యాంకు ఉద్యోగి.

వీరభద్రం తల పైకెత్తి, ఎంతో శ్రద్ధగా, ఇంకాసేపు విన్నాడు.

"కాదండీ. మా ఇంట్లో మాట్లాడేది నేనొక్కణ్ణే," అని, నాలుగయ్యేదాకా వింటూ కూర్చున్నాడు.