రెండంతస్తుల నడుం

ఆ ఉదయం డిజైనరు అనుకున్న పని చాలా చిన్నది. కాఫీ తాగి, బరువులెత్తే ఆట బొమ్మ పూర్తి చేసి, ప్రింటింగుకు పంపేయాలి. దేశదేశాలవాళ్ళు వచ్చి ఆడే పోటీలవి. అందరి భాషల్లో బోర్డులు రాయడం కుదరదు కనుక గుండ్రటి తల, గీతల్లాంటి కాళ్ళూ చేతులతో ఆటకో బొమ్మ పెట్టాలి. అక్షరం ముక్క ఉండకూడదు. బొమ్మలు నచ్చితే ఉద్యోగం ఖాయం, లేకపోతే పోటీలతోపాటే దానికీ మంగళం.

ఆ మాట అన్నది పై అధికారి. ఎవరేం గీసినా చెరిపేయమనడం తప్ప వేరే పని తెలియదు కనుక ఆఫీసంతా ఆయన్ని రబ్బరు అనేది. పెద్ద కుర్చీలకు ఎందుకో అలాంటివాళ్ళే సరిగ్గా సరిపోతారు.

ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని చివరి గీత దిద్దుతుండగా పక్క గదిలోంచి కేక వినిపించింది. మామగారు చెప్పుల కోసం వంగితే నడుం అలాగే పట్టేసింది. ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి గాలిలో.

“అల్లుడూ! లేపవయ్యా!”

“కదలకండి మామగారూ, ఒక్క నిమిషం!”

డాక్టరుకు ఫోను చేస్తున్నాడనుకున్నారాయన. అల్లుడు బొమ్మ గీస్తున్నాడు. అంత ప్రాణమున్న భంగిమ మళ్ళీ దొరుకుతుందా?

“మా నాన్న అక్కడ అల్లాడిపోతుంటే బొమ్మలేంటండీ!” అని భార్య విరుచుకుపడింది. ఆ కంగారులో అతను ఒక బొమ్మకు బదులు ఇంకో బొమ్మ పంపేశాడు.

అచ్చయి వచ్చాక రబ్బరు పిలిపించాడు. “ఏమయ్యా, వీడు వంగిపోయాడేంటి? బరువేది?”

అచ్చయింది మామగారి బొమ్మని డిజైనరుకు అప్పుడు తెలిసింది. నిజం చెప్తే ఉద్యోగం ఊడుతుంది.

“దించేశాడు సార్. చెయ్యెత్తి గెలిచానంటున్నాడు.”

“అబ్బ! ఎత్తడం ఎవడైనా గీస్తాడు. దించడం ఎవడు గీశాడయ్యా?”

జన్మలో మొదటిసారి రబ్బరుకు ఒక బొమ్మ నచ్చింది. దాన్ని రెండంతస్తుల ఎత్తున ఆ ఆట జరిగే హాలు ముందు కట్టించాడు. వీధి మలుపుల్లో అదే బొమ్మకు బాణం గుర్తు పెట్టించాడు.

పోటీలు మొదలైన రోజు ఆ బాణాలు పట్టుకుని జనం వచ్చారు. పరుగుపందెం వాళ్ళు, రిఫరీలు, బస్సు డ్రైవర్లు, అందరి చెయ్యీ నడుం మీదే. ఎవరి భాషలో వాళ్ళు మూలుగుతున్నారు; మూలుగు మాత్రం అందరిదీ ఒకటే. బరువులెత్తేవాళ్ళకు లోపలికి దారి లేదు.

“టికెట్టేది?” అన్నాడు గేటు దగ్గరవాడు.

“నొప్పికి టికెట్టేంటయ్యా? ముందు డాక్టర్ని పిలు!” అన్నాడొక డ్రైవరు.

రబ్బరు పరుగున వచ్చి డిజైనరు కాలరు పట్టుకున్నాడు. “నిజం చెప్పు! వీడు ఆడే ఆటేంటి?”

సరిగ్గా అప్పుడే, అల్లుడిచ్చిన పాసులతో మామగారు కూతుర్ని వెంటబెట్టుకుని దిగారు. బొమ్మకేసి తేరిపార చూశారు.

“అమ్మాయ్, అది నేనే కదే?”

“ఊరుకోండి నాన్నా. మీరెందుకవుతారు?”

“ఆ బోడిగుండు చూడు, నేనే!”

బొమ్మ కొసదాకా చూద్దామని వెనక్కి వాలారు. నడుం మళ్ళీ పట్టేసింది, ఈసారి కట్టెలా నిటారుగా. గుంపులోంచి బయటపడే దారి లేక, డిజైనరు ఆయన్ని అడ్డంగా రెండు చేతుల మీదా తలపైకి ఎత్తాడు. మోకాళ్ళు వణుకుతున్నాయి, కళ్ళు బయటికొస్తున్నాయి.

“ఆగు! కదలకు!” అని రబ్బరు అరిచాడు. ఫోను తీసి ఫొటో కొట్టాడు. “ఇదయ్యా బరువులెత్తడమంటే!”

“ముందు నన్ను దించండ్రా!” అని పైనుంచి వినిపించింది.

పాత బొమ్మను డాక్టర్ల గదులకు మార్చారు. ఆ తర్వాత దారి అడిగినవాడు లేడు. హాలు ముందుకు ఆ ఫొటో చూసి గీసిన కొత్త బొమ్మ వచ్చింది. రెండు ఆలోచనలూ తనవేనని రబ్బరు పేపర్లవాళ్ళకు చెప్పుకున్నాడు. డిజైనరు ఉద్యోగం ఖాయమైంది.

మామగారు మాత్రం అల్లుడితో మాట్లాడటం మానేశారు. మొదటి బొమ్మలో ఆయనకు తలైనా ఉండేది, ఇందులో ఉత్త అడ్డగీత.