తిమ్మాజిపేటలో మెదడుకు జరిగిన సన్మానం

తిమ్మాజిపేటలో మొన్న వేసవిలో మానవ మెదడుకు ఘనంగా సన్మానం జరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. మెదడు కోడేరు ఊరి ఈరమ్మది. దాన్ని హైదరాబాదు తీసుకుపోతున్నది తిమ్మాజిపేట ఆడబిడ్డ డాక్టర్ స్వరూప. సన్మానించినది ఆడబిడ్డల ఆత్మీయ సత్కార సంఘం.

స్వరూప ఇరవై ఏళ్లుగా ఒకే ప్రశ్న పట్టుకుని ఉంది. పెద్దవాళ్ల మెదడులో కొత్త కణాలు పుడతాయా, పుట్టవా? ముసలి ఎలుకల్లో పుడతాయని తానే చూసింది. మనుషుల దగ్గరికొచ్చేసరికి శాస్త్రవేత్తలు రెండు జట్లుగా చీలి కొట్టుకుంటున్నారు. తేలాలంటే చనిపోయిన మనిషి మెదడు కొద్ది గంటల్లోనే, చల్లదనం తగ్గకుండా ప్రయోగశాల చేరాలి. ఆలస్యమైతే ముందుగా చెరిగిపోయేది కొత్త కణాల గుర్తులే.

మా వైపు కళ్లు ఇచ్చేవాళ్లున్నారు. మెదడు అనేసరికి ఆలోచించి చెప్తామన్నారు. ఇంకా ఆలోచిస్తున్నారు. కూలి పని చేసుకునే ఈరమ్మ మాత్రం ఆలోచించలేదు. ఆమె అరవై దాటాక చదవడం నేర్చుకుని, డెబ్బై దాటాక మనుమరాలికి ఫోన్‌లో మెసేజీలు కొట్టిన మనిషి. స్వరూపకు సరిగ్గా అలాంటి మెదడే కావాలి.

"సచ్చినంక గీ బుర్రతోని నాకేం పని బిడ్డా, తీస్కపో. గని జర జల్ది తీస్కపో, ఖరాబైతది" అంది ఈరమ్మ.

నాగర్‌కర్నూలులో ఆమె కన్నుమూసిన రోజునే వైద్యులు మెదడు తీసి మంచుపెట్టెలో ఉంచారు. ఏడుపు తర్వాత ఏడుద్దామని కొడుకు జోసెఫ్ పెట్టెను ఒళ్లో పెట్టుకుని స్వరూప కారెక్కాడు.

కారు తిమ్మాజిపేట దాటాలి. సంఘం అధ్యక్షుడు శివశంకర్‌కు కబురు ముందే అందింది. రోడ్డుకు అడ్డంగా షామియానా వేశారు. "ఆడబిడ్డ ఊరి మీదికెల్లి పోతుంటే ఉత్త చేతులతోని పంపుతమా? అయిదు నిమిషాలు కూసోమ్మా" అన్నాడాయన. కారు ముందు షామియానా, వెనక జనం. స్వరూప కూర్చుంది.

మన అయిదు నిమిషాల సంగతి పాఠకులకు తెలియనిది కాదు. ముఖ్య అతిథి భానుప్రకాశ్ గారు రానిదే దీపం వెలిగించరు. దీపం వెలగనిదే శాలువా కప్పరు. శాలువా కప్పనిదే దారి ఇవ్వరు. అతిథిగారు పెబ్బేరు అంగట్లో కోడెల బేరం ముగించుకుని బయలుదేరుతున్నారని ఫోన్ వచ్చింది.

ఈలోగా మంచుపెట్టెను వేదిక ఎక్కించి దండ వేశారు. ఒక కూలి మనిషి మెదడుకు ఇంతటి గౌరవం మరో ఊళ్లో దక్కేది కాదు. దండ వేసిన పెద్దమనిషి చేతులు దులుపుకుంటూ మర్యాదగానే అడిగాడు.

"కోడేరుల ఏ వాడ?"

జోసెఫ్ చెప్పాడు.

ఎవరూ ఏమీ అనలేదు. అందరూ చదువుకున్నవాళ్లు. వేదిక మీద స్థలం చాలడం లేదని మాత్రం అందరికీ ఒక్కసారే తోచింది. పెట్టెను జోసెఫ్ చేతనే గౌరవపూర్వకంగా దింపించి, షామియానా అవతల చెప్పులు విడిచిన చోట, ఎండలో పెట్టించారు. స్వరూప లేచి అరిచింది. సన్మానం పొందేవారు మధ్యలో లేవకూడదని భుజాలు పట్టి కూర్చోబెట్టారు. జోసెఫ్ పెట్టెను కారులో పెట్టబోతే సభ ముగియనిదే కదపకూడదన్నారు. అతను చొక్కా విప్పి పెట్టె మీద కప్పి నిలబడ్డాడు.

"మేడం, మంచు నీళ్లయితున్నది!" అని కేక వేశాడు. మైకులో దేశభక్తి పాట వస్తున్నందున ఆ కేక ఎవరికీ ఇబ్బంది కలిగించలేదు.

పొద్దు వాలాక వచ్చిన అతిథిగారు అద్భుతంగా మాట్లాడారు. "మన బుర్రలు మారాలె! పాత కణాలు పోవాలె, కొత్త కణాలు రావాలె! గిది తిమ్మాజిపేట నుంచే సురువు కావాలె!" చప్పట్లు చాలాసేపు మోగాయి. వెళ్తూ చెప్పులు తొడుక్కునేటప్పుడు ఒకాయన కాలు పెట్టెకు తగిలింది. ఆయన ఇంటికెళ్లి స్నానం చేశారట. శుభ్రత పట్ల ఆ శ్రద్ధ మెచ్చదగినది.

హైదరాబాదులో పెట్టె తెరిస్తే పరీక్షించడానికి ఏమీ మిగల్లేదు. స్వరూప బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. ఆపుకున్న ఏడుపు జోసెఫ్ కూడా అక్కడే ఏడ్చేశాడు.

"మా అమ్మయితే మాట తప్పలే మేడం. నాది గూడ రాస్కోండ్రి. గని నన్ను గా తొవ్వల తీస్కపోకుండ్రి" అన్నాడు.

ఈ సంగతి తెలిసి సంఘం చలించిపోయింది. ఆడబిడ్డ కష్టం తమ కష్టమేనంటూ సభ్యులందరూ తమ మెదళ్లు దానం చేస్తామని ముందుకొచ్చారు. షరతు ఒక్కటే. ప్రయోగశాలలో జోసెఫ్ మెదడు ఉంచే సీసా, తమ సీసాలు ఒకే అరలో ఉండకూడదు. వేరే బీరువా కొనే ఖర్చు కూడా తామే పెట్టుకుంటామన్నారు.

బీరువాకు చందాలు వసూలవుతున్నాయి. ఇందులో తప్పేముంది అనుకున్న పాఠకులు వెంటనే ఇస్తున్నారు. ఇది తప్పు కదా అనుకున్న పాఠకులు కాసేపు బాధపడి ఇస్తున్నారు.