మూడు గుల్లపీతలూ మా ఓబులేసన్నా

"ఈ భూమ్మీద నేరమనేది ఉన్నంత కాలం ఈ ఓబులేసుకు నిద్రనేది లేదు!"

ఈ మాట మా అన్న ప్రకటించింది మధ్యాహ్నం మూడున్నరకు. భోంచేసి రెండు గంటలు గుర్రుపెట్టి లేచి, ఒక ఆవులింతకూ ఇంకో ఆవులింతకూ మధ్య.

అన్న పులివెందుల పక్కనున్న మా ఊరి నుంచి కర్నూలు వచ్చి రెండు నెలలయింది. కర్నూలు రాజధాని అయింది, ఆఫీసులన్నీ గుడారాల్లో నడుస్తున్నాయి, ఏదో ఒక గుడారంలో తనకూ ఒక కుర్చీ దొరక్కపోదని వచ్చాడు. కుర్చీ దొరకలేదు గానీ అద్దె పుస్తకాల అంగడి దొరికింది. పూటకొక డిటెక్టివు నవల మింగి, నెల తిరిగేసరికి తానే డిటెక్టివునని తేల్చేసుకున్నాడు. తాత పంచాంగం చదువుకునే భూతద్దం జేబులో వేసుకున్నాడు. మా ఆయన కాలువ పనుల మీద క్యాంపులో ఉండి ఆదివారానికి గానీ ఇంటికి రాడు గదా, ఆయన పెండ్లి కోటు తీసి తొడుక్కున్నాడు. కర్నూలు ఎండల్లో ఉన్ని కోటు! మా నాయన నన్ను అయిదో తరగతితో మాన్పించి ఈయన్ను చదివించాడు. ఆ చదువు ఫలితం ఇది.

"మ్మే రత్నా, ఏదైనా ఘోరం జరిగిందా ఈ పొద్దు?" అని రోజూ అడిగేవాడు.

"జరిగింది. పాలు విరిగిపోయినాయి."

"విషప్రయోగం!" అని లేచేవాడు.

అట్లాంటి మనిషికి నా వంటింట్లోనే ఒక కేసు దొరికిందంటే, నా గతి ఎట్లా ఉందో చూడండి.

మా పక్క వాటాలో ప్రేమమ్మగారని ఉండేది. వాళ్ళాయన సర్కారు ఆఫీసులో టైపిస్టు. ఆఫీసు మదరాసు నుంచి కర్నూలుకు వస్తే వాళ్ళూ వచ్చారు. ఆమె పుట్టింది బందరులో. వచ్చేటప్పుడు సామాన్లతో పాటు వెడల్పాటి మట్టితొట్టి ఒకటి, దాన్నిండా మూరెడు లోతు ఇసుక, అందులో మూడు గుల్లపీతలు తెచ్చుకుంది. పీతంటే మా వైపు ఎండ్రకాయ. ఈ రకానికి వెనకభాగం మెత్తగా ఉంటుందట. అందుకని సముద్రపొడ్డున ఖాళీ గుల్ల ఒకటి వెతుక్కుని అందులో దూరి, దాన్ని వీపున మోసుకుని తిరుగుతుంది. ఒక్క గదికి నలుగురు పోటీపడుతున్న కర్నూలులో, ఎక్కడికి పోయినా ఇల్లు వెంట తీసుకుపోయే ప్రాణిని చూసి నాకు అసూయ పుట్టింది.

ఉగాది దాటాక ఆమె తల్లికి జబ్బని ఉత్తరం వచ్చింది. ప్రయాణమవుతూ తొట్టి తెచ్చి మా వంటింట్లో పెట్టింది.

"నెలన్నరలో వచ్చేస్తానండీ రత్నమ్మగారూ. రోజూ కాసిని ఉప్పునీళ్ళు చల్లి, ఇంత కొబ్బరిముక్క పెడితే చాలు. మా నాన్న పోయేముందు ఒడ్డున ఏరి ఇచ్చినవండీ ఇవి. ఇవి పోతే నాకింక సముద్రం లేనట్టే."

"నా బిడ్డను చూసుకున్నట్టు చూసుకుంటా, పొండి," అని మాటిచ్చాను. ఆ మాట ఇచ్చేటప్పుడు నోరెట్లా వచ్చిందో!

పన్నెండో రోజు పొద్దున చూస్తే తొట్టిలో ఇసుక ఉంది. పీతలు లేవు. ఒకటి కాదు, మూడూ లేవు.

నా గుండె నేరుగా ఉయ్యాల దగ్గరికి పరుగెత్తింది. ఎనిమిది నెలల చంటివాడు. వాడి పక్కగుడ్డలు దులిపాను, చెవుల్లో చూశాను, గుప్పిళ్ళు విప్పాను, నోట్లో వేలు పెట్టి చూశాను. వాడు నా వేలు కొరికాడు. ఆ వారమంతా చింతగింజ కనపడినా పీతేనేమోనని అదిరిపడ్డాను.

మా ఇంట్లో పాచిపని చేసే హులిగెమ్మ ఆదోని దిక్కు మనిషి. తొట్టి చూసి తాపీగా అంది: "రత్నమ్మా, ఇసకలోకి పోయింటాయి. ఎండాకాలం ఏట్లో మేము చెలమ తవ్వుకోమా నీళ్ళకు? అట్ల చేతులతో తవ్వి చూద్దాం పట్టు."

"ఆగు!" అని ఒక కేక. గుమ్మంలో అన్న, కోటుతో. "నేరం జరిగిన స్థలాన్ని ఎవరూ తాకగూడదు! పరిశోధనలో మొదటి సూత్రం!"

"నేరమేమిటన్నా, ఎండ్రకాయలు కనపడల్యా, అంతే."

"అంతేనా? మ్మే పిచ్చిదానా! ముగ్గురు ప్రాణులు ఒకే రేయి మాయం. తలుపు లోపలి గడియ పడినట్టే ఉండాది. దీని వెనక ఒక మహా ముఠా హస్తముండాది!"

భూతద్దం పట్టుకుని తొట్టిచుట్టూ ఏడుసార్లు తిరిగాడు. ఎనిమిదోసారి కండ్లు తిరిగి కూర్చున్నాడు. కూర్చుని, సాక్ష్యాన్ని సీలు చేయాలన్నాడు. లక్క లేదన్నాను. అటూ ఇటూ చూసి, మా తాగునీళ్ళ కుండను ఎత్తి తెచ్చి తొట్టిలో ఇసుక నడిమధ్యన కూర్చోబెట్టాడు.

"ఇంక దీన్నెవరూ తవ్వలేరు. పైగా తడి ఇసక మీద నీళ్ళు సల్లగుంటాయి. ఒక దెబ్బకు రెండు!"

నీళ్ళు చల్లగానే ఉన్నాయి, అబద్ధమాడకూడదు.

నాకు మనసొప్పక కుండ పక్కన రోజూ కొబ్బరిముక్క పెడుతూనే ఉన్నాను, ఎక్కడున్నా ఆకలికి రాకపోతాయా అని. ఆశ్చర్యం! పొద్దున పెట్టిన ముక్క మధ్యాహ్నానికి ఉండదు. అన్నకు చెప్పాను. ఆయన కొంచెం ఉలిక్కిపడి, దగ్గి, గడ్డం నిమురుకున్నాడు.

"అయితే దొంగ రోజూ వస్తాండాడు. కొబ్బరంటే పడిచస్తాడు. మహా తెలివైనోడు!"

ఆ తెలివైనవాణ్ణి పట్టడానికి నన్నడక్కుండా సేరు జొన్నపిండి వంటింటి బండల మీద చల్లేశాడు. గంట తర్వాత పిండి మీద వింత గుర్తులు. ముందర రెండు అరచేతులు, వెనక రెండు గుండ్రటి మచ్చలు.

"రత్నా! దొంగకు పాదాలు లేవు! మోకాళ్ళ మీద నడుస్తాడు! సర్కసోడు!"

"వాడు మన చంటోడు. అదో, మూతి నిండా పిండి పూసుకుని నీ వెనకే కూర్చోనుండాడు."

అన్న వాడివంక చాలాసేపు చూశాడు. "ఇతన్ని కూడా ఇప్పుడే వదిలిపెట్టలేను," అన్నాడు.

ఇంతవరకూ నవ్వుకున్నాను. తర్వాత జరిగింది నవ్వే సంగతి కాదు.

పీతలు వచ్చిన మొదటి రోజు హులిగెమ్మ "ఇవి తింటారా?" అని అడిగింది. అది అన్న నోటుపుస్తకంలో ఎక్కింది. రోజూ పోయేటప్పుడు ఆమె కొంగున ఏదో మూట ఉంటుంది. అదీ ఎక్కింది. ఒక సాయంత్రం ఆమె గడప దాటుతుంటే కోటు చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు.

"ఆ మూటలో ఏముండాది?"

హులిగెమ్మ ఆయన్ను చూసింది, నన్ను చూసింది. కొంగు ముడి విప్పి చూపించింది. నేను పొద్దున పెట్టిన రెండు జొన్నరొట్టెలు, ఇంత పచ్చిమిరప కారం.

నాకు చచ్చినంత పనయింది. "అన్నా!" అని అరిచాను గానీ అప్పటికే ముడి విప్పేసింది కదా.

"పదిండ్లల్లో పని చేసినా," అంది హులిగెమ్మ. గొంతు పెరగలేదు, అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. "నా కొంగు ఇప్పి చూసినోళ్ళు ఎవరూ లేరు. మీ దుడ్లు ఇయ్యకపోయినా అడగను రత్నమ్మా. దొంగ అనే పేరు మాత్రం మోసుకుని పోను. ఆ బందరమ్మ వచ్చినంక, ఆయమ్మ ఎదురుంగానే తేలాల. తేలిన దినం నేను ఈ గడప దిగిపోతా."

పోతానన్నందుకు కాదు నాకు బెంగ. చంటివాడికి విరేచనాలు పట్టుకున్నప్పుడు మూడు రోజులు తన ఇంటికి పోకుండా నాతో కూర్చున్న మనిషి. ఆమెకు ఈ పేరు నా ఇంట్లో అంటుకుంది. అటు చూస్తే ప్రేమమ్మగారి సముద్రం పోయింది, ఇటు చూస్తే హులిగెమ్మ పరువు పోయింది. మధ్యలో అన్న "ఉచ్చు బిగుస్తాండాది!" అనుకుంటూ నేను కొబ్బరి తురుముతున్న చోటే తచ్చాడుతున్నాడు.

మే నెల నడిమిలో, పదిగంటల ఎండ వేళ, ప్రేమమ్మగారు జట్కా దిగింది. ఇంట్లోకి కూడా పోకుండా నేరుగా మా వంటింటికి వచ్చింది.

"బాగున్నాయాండీ నా పిల్లలు?"

నాకు నోరు పెగల్లేదు. అన్నకు పెగిలింది. ఈ ఘడియ కోసమే కోటుకు గుండీలన్నీ పెట్టుకుని ఉన్నాడు. ముఖం మీద చెమట ధారలు కడుతోంది.

"అందరూ ఉన్నచోటనే ఉండాల! ఎవరూ కదలగూడదు! ప్రేమమ్మగారూ, మీ పీతలు హతమైనాయి."

"ఆఁ?" అని ఆమె గోడకు చేరగిలబడింది.

"హంతకులు ఈ గదిలోనే ఉండారు! నెల దినాల పాటు ఈ ఓబులేసు కంటిమీద కునుకు లేకుండా..."

"నీ గురక ఓర్చుకోల్యాక చస్తిమి గదప్పా," అంది హులిగెమ్మ.

"నిశ్శబ్దం! రోజూ ఈడికి వచ్చేది ఎవరు? తింటారా అని అడిగింది ఎవరు? తవ్వుదాం అని, సాక్ష్యం నాశనం చేయజూసింది ఎవరు? ఆ మనిషి ఇంకెవరో కాదు. ఇదిగో..."

అని చెయ్యి ఆకాశానికెత్తి, గిర్రున ఒక చుట్టు చుట్టి, హులిగెమ్మ వైపు విసిరాడు. ఆ చుట్టులో కోటు అంచు కుండ మూతికి తగులుకుంది. లాక్కున్నాడు. కుండ లేచి, తొట్టి అంచుకు తగిలి, ఫెళ్ళున పగిలింది.

నీళ్ళన్నీ ఇసుకలోకి. ఇసుక బుడబుడమంది. అన్న చెయ్యి ఇంకా హులిగెమ్మ వైపే ఉంది, నోరు తెరిచే ఉంది.

మెల్లగా ఇసుకలోంచి ఒక చిన్న కాలు లేచింది. ఎర్రగా, కొత్త గాజులా మెరుస్తోంది. వెనకనే గుల్ల. అది కుండపెంకు మీదికెక్కి, ఎవరు నాయనా నీళ్ళు పోసింది అన్నట్టు నిలబడింది. ఇంకో మూల ఇంకోటి లేచింది. మూడోది రావడానికి కొంచెం ఆలస్యం చేసింది. ఆ కొంచెం సేపట్లో నేను ముగ్గురు దేవుళ్ళకు మొక్కుకున్నాను. అదీ వచ్చింది.

ప్రేమమ్మగారు నేల మీద కూలబడి, ఏడుస్తూ నవ్వింది. "అయ్యో రామా! చెప్పడం మర్చిపోయానండీ! పాత తోలు వదిలేసేటప్పుడు ఇసక అడుక్కి పోయి దాక్కుంటాయి. నెల, ఒక్కోసారి రెండు నెలలు కూడా బయటికి రావు."

"నేను సెప్పలా? తవ్వుదామంటి!" అంది హులిగెమ్మ.

"తవ్వకపోవడమే మేలయిందండీ. అప్పుడు ఒళ్ళు వెన్నముద్దలా ఉంటుంది. కదిపితే చచ్చిపోయేవి."

అన్న నోరు మూసుకుంది. మూసుకుని, నెమ్మదిగా చిరునవ్వుగా మారింది. కోటు సర్దుకున్నాడు.

"అందుకే గదా సీలు వేసినా," అన్నాడు. "నాకు మొదటి దినమే తెలుసు."

నేను పెంకులు ఏరడం మానేసి లేచాను. పుట్టినప్పటినుంచి ఆయనకు ఇది చెయ్యి అని చెప్పింది లేదు. "అన్నా, హులిగెమ్మకు తప్పయిందని చెప్పు."

"పరిశోధకుడు క్షమాపణ..."

"వద్దులే రత్నమ్మా," అంది హులిగెమ్మ. అని గడపకు అడ్డంగా వచ్చి, చేతులు చాపి నిలబడింది, ఆరోజు అన్న నిలబడినట్టే. "నేను కొంగు ఇప్పి చూపిచ్చినా. ఏమప్పా, నువ్వు జేబులు ఇప్పు."

"ఏమిటీ దౌర్జన్యం!"

"ఇప్పప్పా."

ప్రేమమ్మగారూ చూస్తోంది, నేనూ చూస్తున్నాను, గుల్లలోంచి కండ్లు బయటపెట్టి మూడు పీతలూ చూస్తున్నాయి. అన్న జేబులో చెయ్యిపెట్టి భూతద్దం తీశాడు. రెండో జేబు దగ్గర చెయ్యి ఆగిపోయింది. అప్పుడు ఆయన కాళ్ళ మధ్యన పాకుతూ వచ్చిన చంటివాడు కోటు పట్టుకుని లేవబోయి, ఆ జేబుకు వేలాడాడు. జేబు తిరగబడింది.

బండల మీద టపటపా రాలాయి: బెల్లం గడ్డ ఒకటి, కొబ్బరిముక్కలు నాలుగు. మూడింటికి పంటిగాట్లు, నాలుగోదానికి ఇసుక.

హులిగెమ్మ ఆ ఇసుకముక్కను ఏరి, కొంగుతో తుడిచి, తొట్టిలో మొదటి పీత ముందర పెట్టింది. చీపురు తీసుకుని పెంకులు ఊడ్వసాగింది.

"పోతానంటివే?" అన్నాను భయంభయంగా.

"యాడికి పోయేది?" అంది తల ఎత్తకుండా. "ఇంట్లో దొంగ ఉండాడు. నిన్నూ బిడ్డనూ ఒంటిగా ఇడిసిపెట్టి యాడికి పోయేది?"