కోడిపిల్లల కోసం కుట్టిన యూనిఫాం

ఆ ఆదివారానికి టైలరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే ఆరింటికి లేవాలి. తోడల్లుడి యూనిఫాంలాంటి యూనిఫాం తొడుక్కుని పెరట్లోకి వెళ్ళాలి. పన్నెండు కోడిపిల్లలూ తననే తల్లి అనుకుని వెంటపడితే, ఏడింటికల్లా కూతుర్ని లేపి ఆ వైభవం చూపించాలి. అంతే. ఇందులో ఎవరికైనా హాని ఉందా, మీరే చెప్పండి.

అసలు ఆ పిల్లల కోసం ఆయన పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. వాళ్ళ వంశంలో కోడిని పెంచినవాడు లేడు. కూతురు సరదాపడిందని కోళ్ళఫారం నుంచి పదిహేను గుడ్లు తెచ్చి, అట్టపెట్టెలో పొట్టు పరిచి, పైన బల్బు వేలాడదీసి, ముందుగదిలో తన కుట్టుమిషను పక్కనే పెట్టుకున్నాడు. గుడ్లని రోజుకి మూడుసార్లు తిప్పాలన్నారు. ఏది తిప్పాడో ఏది తిప్పలేదో తెలియడానికి ప్రతి గుడ్డు మీదా బట్టలకి గుర్తులు పెట్టే సుద్దతో గీత గీశాడు. అవి స్కూళ్ళు తెరిచే రోజులు. నిక్కర్లూ గౌన్లూ గుట్టలుగా పడున్నాయి. పొద్దుటినుంచి సాయంత్రం దాకా కాళ్ళతో మిషను తొక్కుతూ, ఒక కన్ను సూది మీదా ఒక కన్ను గుడ్ల మీదా వేసి ఇరవై ఒక్క రోజులు గడిపాడు.

"నేను బిడ్డని కన్నప్పుడు కూడా మీరింత కంగారు పడలేదు" అని దెప్పింది భార్య. ఆవిడ మందుల షాపులో కౌంటరు చూస్తుంది. ఎవరికి ఎంత మోతాదు ఇవ్వాలో బాగా తెలుసు.

ఇరవై ఒకటో రోజున, కుట్టిన గౌన్లు స్కూల్లో ఇచ్చి రావడానికి అలా అరగంట వెళ్ళాడో లేదో, ఇక్కడ గుడ్లు పగిలాయి. తిరిగొచ్చేసరికి పన్నెండు పిల్లలు పెట్టెలో తడితడిగా నిలబడి మెడలు సాచి చూస్తున్నాయి. వాటి ఎదురుగా, అప్పుడే వరండాలో సైకిలు దిగి లోపలికొచ్చిన తోడల్లుడు నవ్వుతూ నిలబడి ఉన్నాడు.

ఈ తోడల్లుడంటే టైలరు భార్యకి అక్క మొగుడు. నీళ్ళ డిపార్టుమెంటులో ఫిట్టరు. అదే ఇంట్లో పక్కవాటాలో ఉంటాడు, పెరడు ఇద్దరిదీను. ఆరడుగుల మనిషి, ముదురు నీలం యూనిఫాం, మోకాళ్ళ దాకా ఎర్ర రబ్బరు బూట్లు. ఆయన సైకిలుకి చైను కవరు వదులైపోయి, తొక్కుతుంటే టకటకటకమని వీధి చివరినుంచే వినిపిస్తుంది. పంపు కారితే ఆయనే, బీరువా మీద డబ్బా అందకపోతే ఆయనే, చెట్టు మీద బంతి ఇరుక్కుంటే ఆయనే. టైలరు కూతురికి ఎనిమిదేళ్ళు, ముద్దుపేరు బుడంకాయ. ఆ పిల్ల నోట రోజుకి పదిసార్లు వచ్చే మాట ఒకటే: "పెదనాన్నకి అన్నీ వచ్చు."

'మరి నాన్నకి?' అని టైలరు ఎప్పుడూ పైకి అడగలేదు. అడిగితే నిజం చెప్పేస్తుందని భయం.

కోడిపిల్లలు కూడా అదే పాట అందుకున్నాయి. మురికి చేస్తాయని భార్య వాటిని పెరట్లోకి, జాలీ కట్టిన గూట్లోకి మార్చింది. సాయంత్రం తోడల్లుడు పెరటి గేటులోంచి సైకిలు తొక్కుకుంటూ వస్తే చాలు, పన్నెండూ పరుగో పరుగు. ఆయన బూట్ల చుట్టూ మూగి కిచకిచలు. టైలరు గింజలు తీసుకెళ్తే మాత్రం తిని మొహం తిప్పుకునేవి. ఆయన మిషను మీద కూర్చుంటే ఇంకా అన్యాయం. కుట్టు మొదలవగానే పెరట్లో ఒకటే గోల, జాలీకి కొట్టుకోవడం, అరవడం. నా మిషను చప్పుడు కూడా వీటికి గిట్టడం లేదని ఆయనకి ఒళ్ళు మండి, పెరటి తలుపు మూసుకుని కుట్టేవాడు.

"పుట్టగానే ఎవరిని చూస్తే వాళ్ళే అమ్మ అనుకుంటాయట నాన్నా, మా టీచర్ చెప్పింది" అంది బుడంకాయ.

"అంటే మీ పెదనాన్న అమ్మా?"

"అవును! పెదనాన్నకి అమ్మగా ఉండటం కూడా వచ్చు!"

ఆ మాటతో టైలరు కడుపులో రేగిన మంటకి ఇంకో పది గుడ్లు పిల్లలయ్యేవి. ఇరవై ఒక్క రోజులు తాను తిప్పితే, ఒక్క నిమిషం వచ్చి చూసినవాడు తల్లి! కష్టం ఒకరిది, పేరు ఒకరిది. వారం రోజులు కుమిలిపోయాక ఒక ఆలోచన మెరిసింది. పిల్లలు చూసింది మనిషి మొహాన్ని కాదు, నీలం బట్టల్ని, ఎర్ర బూట్లని. బట్టలే కదా తేడా? బట్టలు కుట్టడం తన చేతిలో పనే కదా?

మర్నాడు దండెం మీద ఆరేసిన తోడల్లుడి యూనిఫాం దగ్గరికి టేపు పట్టుకుని పిల్లిలా వెళ్ళాడు. జేబు ఎంత కిందికి ఉంది, కాలరు ఎంత వెడల్పు అని కొలుస్తుండగా వెనకనుంచి వదిన గొంతు వినిపించింది.

"మా ఆయన ప్యాంటుతో ఏం చేస్తున్నావయ్యా?"

టైలరు టేపు వెనక్కి దాచబోయాడు. వదిన టేపునీ ప్యాంటునీ మార్చి మార్చి చూసింది. కళ్ళు చెమర్చాయి.

"సోమవారం ఆయన పుట్టినరోజని గుర్తు పెట్టుకున్నావా మరిదీ! ఒక్క ముక్క చెప్పను, ఒట్టు!"

ఒట్టేసినట్టే భర్తకి చెప్పలేదు. మిగతా అందరికీ చెప్పింది. ఆ సాయంత్రం టైలరు భార్య ఆయన కంచంలో అడక్కుండానే ఇంకో ముక్క వేసి, "మీరు పైకి అలా ధుమధుమలాడతారు గానీ మనసు వెన్న" అంది. ఆయన మింగలేక కక్కలేక ఆ ముక్క నమిలాడు. తన కడుపుమంటకి లోకం ప్రేమ అని పేరు పెడితే కాదనడం ఎలా?

యూనిఫాం మూడు రోజుల్లో తయారైంది. జేబులూ కాలరూ అచ్చం తోడల్లుడివే. పొడుగూ వెడల్పూ మాత్రం తనవి. తన ఒంటికి పట్టాలిగా మరి! తోడల్లుడి పాత బూట్లు పెరటి మెట్ల కింద ఉంటే తీసుకుని, కాళ్ళు ఊడిపోకుండా లోపల గుడ్డపీలికలు కుక్కాడు.

ఆదివారం ఆరింటికి అలా అలంకరించుకుని గూటి తలుపు తీసి, "రండమ్మా" అన్నాడు.

పన్నెండు పిల్లలూ ఆయన్ని పైనుంచి కింది దాకా చూసి, గూటి మూలకి వెళ్ళి ఒకదాన్నొకటి ఆనుకున్నాయి. తోడల్లుడిలా ఛాతీ విరిచి రెండడుగులు నడిచాడు. లాభం లేదు. తోడల్లుడిలా నవ్వాడు. ఒక పిల్ల కళ్ళు మూసుకుంది.

"ఏమయ్యా ఫిట్టరూ! ఆదివారం డ్యూటీకొచ్చావా, మంచిపని చేశావు!"

గోడ అవతల రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, చేతిలో ఖాళీ బకెట్టు, కళ్ళకి అద్దాలు లేవు. "మూడు రోజులుగా నీళ్ళు దారంలా వస్తున్నాయి. వచ్చి ఆ వాల్వు కాస్త తిప్పు!"

నోరు తెరిస్తే గొంతు తెలిసిపోతుంది. గొంతు తెలిస్తే, ఈ వేషమేమిటని అడుగుతుంది. కోడిపిల్లల ప్రేమ కోసమని ఆవిడకి ఎలా చెప్పడం? ఆయన తల మాత్రం ఊపాడు. ఆవిడ వదిలే రకం కాదు. నలభై ఏళ్ళు పిల్లల్ని క్లాసుల్లోకి తోలిన మనిషి, ఈయన్ని కూడా సందులోకి తోలుకెళ్ళి, వాల్వు గుంత మీది రేకు మూత తీయించి, నడుం మీద చేయి పెట్టుకుని నిలబడింది. అప్పటికే ఇంకో ఇద్దరు బకెట్లతో వచ్చారు.

టైలరు జన్మలో వాల్వు తిప్పలేదు. ఎటు తిప్పాలో తెలియక, మిషను చక్రం తిప్పినట్టు తన వైపుకి తిప్పాడు. కదల్లేదు. బలమంతా పెట్టాడు. ముందు ప్యాంటు వెనక కుట్టు 'పర్ర్' మంది. తరవాత లోపలెక్కడో 'ఫట్' మంది. ఆ పైన నీళ్ళు ఇంటి కప్పెత్తున లేచాయి.

"ఇప్పుడు బాగా వస్తున్నాయి" అంది హెడ్‌మిస్ట్రెస్, నిలువునా తడిసిపోయి.

సందు ఎత్తు, పెరడు పల్లం. నీళ్ళు గేటు కిందనుంచి దూకి, గూటి మీద పడ్డాయి. గూటి తలుపు తీసింది ఎవరు? తీసి వెయ్యకుండా వెళ్ళింది ఎవరు? టైలరు బూట్లలో గుడ్డపీలికలు పిచపిచలాడుతుండగా పరుగెత్తుకొచ్చేసరికి గూడు ఖాళీ. పెరడంతా చీలమండల్లోతు నీళ్ళు. ఒక్క పిల్ల కనబడదు, ఒక్క కూత వినబడదు.

ఎవరో వెనకనుంచి వచ్చి ఆయన నడుముని గట్టిగా కావలించుకున్నారు.

"పెదనాన్నా! మా కోడిపిల్లలు పోయాయి పెదనాన్నా! నువ్వే కాపాడాలి!"

టైలరు మెల్లగా వెనక్కి తిరిగాడు. "నేనమ్మా. నాన్నని."

బుడంకాయ మొహం పైకెత్తి చూసి, చేతులు వదిలేసింది. "నువ్వా? అయితే పెదనాన్న ఏడీ?"

వారం రోజుల అసూయ ఒక ఎత్తు, ఆ ప్రశ్న ఒక ఎత్తు. టైలరుకి జవాబు చెప్పే అవసరం కూడా రాలేదు. చప్పుడుకి లేచిన తోడల్లుడు నిక్కరు, బనీనుతోనే వీధి మొదట్లో ఉన్న పెద్ద వాల్వు దగ్గరికి పరుగెత్తి, రెండు నిమిషాల్లో నీళ్ళు కట్టేసి వచ్చాడు. ఆయనకి అన్నీ వచ్చు కదా. వచ్చి, పెరట్లో తన యూనిఫాంలో, తన బూట్లలో నిలబడ్డ టైలర్ని చూసి ఆగిపోయాడు. వీధిలో సగం మంది గోడ మీదనుంచి చూస్తున్నారు.

"ఇదేమిటి తమ్ముడూ?"

టైలరు తల దించుకున్నాడు. అప్పుడు వదిన ముందుకొచ్చింది. "ఇంకా దాచేదేముంది! రేపు మీ పుట్టినరోజని కుట్టాడండీ. ఆ బట్టలు పనికి ఆగుతాయో లేదోనని తానే వేసుకుని, వాల్వు తిప్పి మరీ పరీక్ష చేస్తున్నాడు. అంత శ్రద్ధ ఎవరికుంటుంది?"

తోడల్లుడు గట్టిగా కావలించుకున్నాడు. "సొంత తమ్ముడు కూడా నాకింత చెయ్యలేదురా!" అన్నాడు గద్గదంగా. ఆ కౌగిలిలో టైలరు కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడాడు.

"ముందు పిల్లల్ని వెతకండి!" అని బుడంకాయ ఏడుపు లంకించుకుంది.

తోడల్లుడు తన బూట్లు అడిగి తీసుకుని తొడుక్కుని పెరడంతా తిరిగాడు. పిలిచాడు, గింజలు చల్లాడు, చప్పట్లు కొట్టాడు. తన కోసం పడిచచ్చే పిల్లలు ఒక్కటీ రాలేదు. అరగంట గడిచింది. బుడంకాయ మెట్టు మీద కూర్చుని వెక్కుతోంది. "నేనే గూడు తెరిచానమ్మా, నాదే తప్పు" అన్నాడు టైలరు. ఆ పిల్ల తల తిప్పుకుంది.

ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. పైగా వెనక చిరిగిన ప్యాంటుతో జనం ముందు ఎంతసేపని నిలబడతాడు? యూనిఫాం విప్పి లుంగీ చుట్టుకుని, ప్యాంటు మిషను మీద పరిచి, చిరుగు కుట్టడం మొదలుపెట్టాడు. మనసు బాగోనప్పుడు ఆయన కాళ్ళు వాటంతటవే తొక్కుతాయి. గదిలోకి నీళ్ళొచ్చాయని భార్య పెరటి తలుపు బార్లా తెరిచి ఉంచింది. టకటకటకటక.

కట్టెల కిందనుంచి ఒక తడిసిన తల బయటికి వచ్చింది.

తరవాత తూము పక్కనుంచి ఒకటి. బోర్లించిన తొట్టి కిందనుంచి మూడు. తోడల్లుడి వాటాలో చెప్పుల అర కిందనుంచి నాలుగు. అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా, తోడల్లుడి బూట్లని దాటుకుని, గడప ఎక్కలేక పడుతూ లేస్తూ, ఒక్కొక్కటే ముందుగదిలోకి వచ్చి టైలరు పాదాల పక్కన మిషను కింద చేరాయి. ఆయన భయపడి తొక్కడం ఆపాడు. గొల్లుమన్నాయి. తొక్కాడు. కళ్ళు మూసుకుని హాయిగా సర్దుకున్నాయి.

"పది... పదకొండు... పన్నెండు!" బుడంకాయ నేల మీద బోర్లా పడుకుని లెక్కపెట్టింది. ఉన్నట్టుండి లేచి కూర్చుంది. "నాన్నా! గుడ్డులో ఉన్నప్పట్నుంచీ ఇవి నీ మిషనే విన్నాయి! పెదనాన్న సైకిలు కూడా అచ్చం ఇలాగే మోగుతుంది. ఆ చప్పుడు విని నువ్వొచ్చావనుకుని పరుగెత్తేవి!"

టైలరుకి పెరట్లోని ఆ గోలంతా ఒక్కసారి చెవుల్లో మోగింది. జాలీకి కొట్టుకుంటూ అరిచింది తిట్టడానికి కాదు. పిలవడానికి. పిలుస్తుంటే తాను తలుపేసుకున్నాడు. కళ్ళు నీళ్ళతో మసకబారి, కుట్టు వంకరపోయింది.

"మా నాన్న ఇరవై ఒక్క రోజులు కుట్టి కుట్టి వీటిని చేశాడు" అని బుడంకాయ గుమ్మంలో ఉన్న వీధి జనానికి ప్రకటించింది. "పెదనాన్నకి ఇది రాదు."

తోడల్లుడు గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. "అంటే అవి వచ్చింది నా కోసం కాదా? సైకిలు కోసమా?" అన్నాడు చిన్న గొంతుతో. ఆ మొహంలో ఉన్నదేమిటో టైలరుకి ఎవరూ చెప్పక్కర్లేదు. వారం రోజులు అద్దంలో చూసుకున్న మొహమే అది.

ఒక్కసారిగా ఆయన మనసు ఉదారంగా మారిపోయింది. కుట్టు పూర్తిచేసి, దారం కొరికి, యూనిఫాం మడతపెట్టి రెండు చేతులతో అందించాడు. "పుట్టినరోజు శుభాకాంక్షలన్నయ్యా. మీ కోసమే."

సోమవారం పొద్దున్న తోడల్లుడు అది వేసుకునే డ్యూటీకి వెళ్ళాడు. ప్యాంటు చీలమండకి జానెడు పైన ఆగింది. చొక్కా గుండీలు ఒకదాన్నొకటి చూసుకున్నాయే గానీ కలవలేదు. కుట్టిందెవరని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ "మా తోడల్లుడే" అని గర్వంగా చెప్పి, ఇంటికి దారి కూడా చూపిస్తున్నాడు.