రొయ్యగారికి నాలుగో దీపం

అయినా, చీకట్లో దాక్కునే ప్రాణికి అంతటి కళ్ళెందుకు? మనిషి కంట్లో రంగులు పట్టే కణాలు మూడు రకాలైతే, ఈ మాంటిస్ రొయ్యకు పన్నెండు రకాలట! అంత చూపున్న జీవికి గుడ్డిదీపం చాలంటాడా ఆ అక్వేరియం షాపువాడు? కళ్ళు పరీక్ష చేసేవాడికే వెలుతురు గురించి పాఠాలా?

ఇంటి హాల్లో గాజుతొట్టె ముందు నిలబడి కళ్ళజోళ్ళ దుకాణమాయన ఇలా మండిపడుతున్నాడు. ఆయన మాటలో న్యాయముంది, పాఠకులారా! వెలుగు ఎక్కువైతే కష్టమన్నది చేతగానివాళ్ళ ప్రచారం. ఇరవై రెండేళ్ళుగా ఆయన వృత్తిధర్మం ఒక్కటే. కనబడకపోతే పవర్ పెంచు.

షాపువాడు మొదట్లోనే చెప్పాడు. తొట్టెలో పెంచడానికి తక్కువ వెలుతురుతో సరిపెట్టుకునే ప్రాణమున్న పగడాలు తీసుకోండి, రొయ్యకు చీకటి బొరియ ఒకటి వదిలేయండి అని. ఎంత సోమరి సలహా! ఆయన ఎండ కావాలనే పగడాలే కొని, రెండు ఎల్ఈడీలు బిగించాడు. రొయ్య బొరియలో దూరింది. పాపం, దారి కనబడక దూరిందేమోనని మూడోది బిగించాడు. అది గులకరాళ్ళు పేర్చి గుమ్మం మూసుకుంది. నాలుగోది సూటిగా ఆ గుమ్మానికే గురిపెట్టాడు. పగడాలు తెల్లగా పాలిపోతే మురికి వదిలిందని మురిసిపోయాడు!

ఇంటికి జరిగిన మేలు ఇంతా అంతా కాదు. దుమ్ముకు దాక్కునే చోటు లేకుండా పోయింది. గంటలకొద్దీ కూర్చునే చుట్టాలు ఐదు నిమిషాల్లో కళ్ళు నలుపుకుంటూ లేస్తున్నారు. ఎంత టైము ఆదా! భార్య కొన్నాళ్ళు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని బట్టలు మడతపెట్టింది, తర్వాత వంటింట్లోకి మకాం మార్చింది. చివరికి, శుక్రవారం అక్క దగ్గరికి పోతున్నాననీ, ఎప్పుడొస్తానో తనకే తెలియదనీ చెప్పేసింది. రొయ్య కనబడి అప్పటికి పదకొండు రోజులు. బతికుందో లేదో!

రొయ్య దాక్కోవడం, భార్య పోతాననడం, రెండూ కంటి జబ్బులేనని తేల్చాడాయన. రొయ్యను కుర్చీలో కూర్చోబెట్టలేడు కాబట్టి, గురువారం భార్యను దుకాణానికి రప్పించాడు. పరీక్షగది తలుపు వేశాడు, తెర లాగాడు, లైటు ఆర్పాడు. కంటి లోపలికి చూడాలంటే గది చీకటిగా ఉండాలి, కంటిపాప విచ్చుకోవాలి. రోజుకు ఇరవైసార్లు చేసే పనే. చిన్న టార్చి పట్టుకుని ఆమె మొహం మీదికి వంగాడు.

"ఎక్కడ నొప్పి?"

"ఇక్కడికొచ్చాక లేదు."

"కన్ను బాగానే ఉంది మరి."

"దానికేమైందండీ, ఎప్పుడూ బాగానే ఉంది." ఆమె కదలకుండా కూర్చుంది. "నన్ను చూడాలంటే లైటు ఆర్పాలని దుకాణంలో తెలుసు మీకు. ఇంటికొస్తేనే తెలీదు."

జవాబు లేకుండా ఆయన ఏనాడూ లేడు. రొయ్య కన్ను వేరు, మనిషి కన్ను వేరు అని మొదలుపెట్టబోయాడు. అంతలో టార్చి కాస్త దగ్గరైంది. ఆమె కంటిపాప చప్పున ముడుచుకుంది.

ఆయన టార్చి దించాడు. ఆ దీపాలు తాను రొయ్యను చూడ్డానికి కొన్నవి కావు, పాఠకులారా! పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ కళ్ళలోకి చూసే మనిషిని తిరిగి చూసినవాళ్ళు లేరు. వచ్చినవాళ్ళు రొయ్యను చూసి, అబ్బో అని, ఆ పక్కనున్న తనవైపోసారి తిరుగుతారని కొన్నవి. ఇంత పెద్ద అక్షరం ఆయనకిన్నాళ్ళూ కనబడలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులైనా విడవకుండా తొట్టె దగ్గరికి నడిచి, బొరియకు గురిపెట్టిన దీపం ప్లగ్గు పీకేశాడు.